గుంపులో పందెం, గడియారంతో పందెం

ప్రపంచ రోడ్డు సైక్లింగ్ ఛాంపియన్‌షిప్‌లో పురుషులకు రెండు ప్రధాన పోటీలున్నాయి. అందరూ ఒకేసారి బయలుదేరే రోడ్డు రేసు వృత్తి క్రీడాకారులకు 1927లో మొదలైంది. ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ 1994లో చేరింది.

నెల్లూరు నుంచి మైపాడు తీరానికి ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి ఈ తేడా కాళ్లకే తెలుస్తుంది. మిత్రుడి వెనుక చక్రానికి మూరెడు దూరంలో ఉన్నంతసేపూ తేలికగా సాగిన సైకిలు, అతను పక్కకు తప్పుకోగానే బరువెక్కుతుంది, చొక్కా ఛాతీకి అతుక్కుపోతుంది. టైమ్ ట్రయల్‌లో ఆ చాటు లేదు. రోడ్డు రేసులో ఉంది కనుక, ఎవరి వెనుక ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు బయటపడాలో తెలియడం కూడా బలమే. పైగా ఏడాదంతా ఒకే జట్టులో తొక్కినవారు ఆ రోజు దేశాలవారీగా ప్రత్యర్థులవుతారు.

2025లో రువాండాలోని కిగాలిలో జరిగిన 40.6 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో, తనకన్నా రెండున్నర నిమిషాల ముందు బయలుదేరిన స్లోవేనియా సైక్లిస్టు పొగాచర్‌ను బెల్జియం సైక్లిస్టు ఎవెనెపోల్ దారిలోనే దాటి విజేతగా నిలిచారు. వారం తిరిగేసరికి 267.5 కిలోమీటర్ల రోడ్డు రేసులో పొగాచర్ మొదటి స్థానం, ఎవెనెపోల్ రెండో స్థానం పొందారు. ఒంటరి బలాన్ని కొలవడానికి టైమ్ ట్రయల్‌కు సాటి లేదు. అయినా నేను ఎంచుకునేది రోడ్డు రేసునే, ఎందుకంటే ఎదుటివారి మనసు చదవవలసిన అవసరం అక్కడే ఉంది.