డీజిలా, పెట్రోలా? ముందు మీ ట్రిప్పు ఎంత దూరమో చెప్పండి

కారు కొనబోయే ప్రతి ఒక్కరూ నన్ను అడిగేది ఒకటే: "పదేళ్లు ఉంచుకుంటాను, డీజిల్ అయితే కలిసొస్తుందా?" ఎనిమిదేళ్లు డీజిల్ నడిపి ఈమధ్యే పెట్రోలుకు మారినవాణ్ణి. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోయింది. అయినా లెక్క లెక్కే.

డబ్బుల్లో వేస్తే రేటు మారినప్పుడల్లా లెక్క పాడవుతుంది, లీటర్లలో వేద్దాం. ఒకే సైజు కార్లు రెండు. పెట్రోలుది లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్‌ది 20 అనుకోండి. వెయ్యి కిలోమీటర్లకు దానికి 67 లీటర్లు, దీనికి 50. మిగులు 17 లీటర్లు. డీజిల్ కారుకు కొనేటప్పుడు అదనంగా పెట్టిన సొమ్ము 1,500 లీటర్ల ఇంధనం ఖరీదు చేస్తుందనుకుంటే, అది తిరిగి రావడానికి దాదాపు 90 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 10 వేలు తిరిగేవాళ్లకు తొమ్మిదేళ్లు, 25 వేలు తిరిగేవాళ్లకు మూడున్నరేళ్లు. ఇది రెండింటి లీటరు ధరా ఒకటే అనుకుని వేసిన లెక్క. డీజిల్ చవకైతే ఇంకా ముందే గిట్టుతుంది. పెట్రోలు కన్నా మూడో వంతు ఎక్కువైతే మాత్రం ఎన్నేళ్లు తిరిగినా మిగిలేదేమీ లేదు.

అందరూ ఇక్కడివరకు వచ్చి ఆగిపోతారు. నేనూ ఆగాను, అదే నా పొరపాటు.

ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లు ఇద్దరున్నారనుకోండి. ఒకాయన నెలకు రెండుసార్లు 500 కిలోమీటర్లు హైవే మీద పోయొస్తాడు. రెండో ఆయన రోజూ ఐదారు కిలోమీటర్ల ముక్కలుగా ఆరుసార్లు బండి తీస్తాడు. పై లెక్కలో ఇద్దరూ ఒకటే. ఇద్దరి డీజిల్ ఇంజన్లకూ జరిగేది మాత్రం ఒకటి కాదు.

ఇప్పటి డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. అది మసిని పట్టి ఉంచి, నిండాక దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. ఆ వేడి రావాలంటే ఇంజన్ బాగా కాగి, ఆగకుండా ఓ పావుగంటైనా పరిగెత్తాలి. ఐదు కిలోమీటర్ల ట్రిప్పులో ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే మనం తాళం తీసేస్తాం. కాల్చడం సగంలో ఆగిపోతుంది, మర్నాడు మళ్లీ మొదలు. కొన్ని ఇంజన్లలో ఇలా కాల్చడానికి సిలిండర్లోకే అదనంగా డీజిల్ చిమ్ముతారు. కాలకుండా మిగిలింది గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఓసారి ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూస్తే నా బండిలో ఆయిల్ గీత దాటి పైకి వచ్చింది. ఆయిల్ తగ్గితే కంగారు పడటం తెలుసు గానీ, పెరిగితే పడాలని అప్పటిదాకా నాకు తెలీదు. పలచబడిన ఆయిల్ బేరింగుల్నీ, ఇంజన్లోకి గాలిని నెట్టే టర్బోనీ కాపాడలేదు. ఆయిల్ ముందే మార్చాలి, పొగలో కొంత తిరిగి ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు శుభ్రం చేయించాలి, చివరికి ఆ జల్లెడ పూర్తిగా పూడుకుపోతే కొత్తది వేయాలి. ఆ ఒక్క బిల్లుతో మైలేజీలో మిగిల్చుకున్నది చాలావరకు హరించుకుపోయింది.

"డీజిల్ ఇంజన్ మొండిది, ఎన్ని లక్షల కిలోమీటర్లయినా లాగుతుంది" అనే పేరు పాత మెకానికల్ పంపుల కాలం నాటిది. 1997లో కార్లలోకి కామన్ రైల్, అంటే ఒకే గొట్టంలో భారీ పీడనంతో డీజిల్ నిలిపి అన్ని ఇంజెక్టర్లకూ పంచే పద్ధతి, వచ్చాక కథ మారింది. ఇప్పుడు ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు దాదాపు 2,000 బార్ పీడనం దగ్గర, అంటే మామూలు గాలి పీడనానికి రెండు వేల రెట్ల దగ్గర పనిచేస్తాయి. మామూలు పెట్రోలు ఇంజన్‌కు మూడు నాలుగు బార్లు చాలు. అంత పీడనంలో ఇంధనంలో కాస్త నీళ్లున్నా, నలుసున్నా పంపూ ఇంజెక్టర్లూ కలిసి పోతాయి. చాలా డీజిల్ బండ్లలో పొగలోని విషవాయువుల్ని తగ్గించే యూరియా ద్రావణం కూడా పోయాలి, అది చిన్న ఖర్చేలెండి.

పెట్రోలు బండికి స్పార్క్ ప్లగ్గులు మార్చాలి, ఎయిర్ ఫిల్టరు మార్చాలి, అంతకు మించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. అయితే సిలిండర్లోకే నేరుగా పెట్రోలు చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోలు కొంటే ఈ నిశ్చింత కొంత పోతుంది. ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకుంటుంది, అక్కడా పీడనం వందల బార్లలోనే. నేను టర్బో లేని, వాల్వుకు ముందే పెట్రోలు చిమ్మే పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్ తీసుకున్నాను. ఓవర్‌టేక్ చేసేటప్పుడు డీజిల్ తోపు గుర్తొస్తుంది, అబద్ధమెందుకు.

బరువులు లాగేవాళ్లకు, ఏడుగురితో ఘాట్ రోడ్లెక్కేవాళ్లకు, వారంలో ఎక్కువ రోజులు హైవే మీదే ఉండేవాళ్లకు డీజిలే. వాళ్ల చేతిలో జల్లెడ నిండిందని హెచ్చరించే డీపీఎఫ్ దీపం వెలగడమే అరుదు.

హైబ్రిడ్ అంటారా, ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో దానికి సాటి లేదు, ముందు పెట్టే సొమ్ముకు సిద్ధమైతే. సీఎన్‌జీ కిలోమీటరుకు చవకే, చాలా బండ్లలో గ్యాస్ సిలిండరు తినేసే డిక్కీ మీద ఆశ వదులుకుంటే.

సెకండ్ హ్యాండ్ డీజిల్ చూసేవాళ్లకు ఒక్క మాట. ఆరేళ్లలో 30 వేలే తిరిగిందని మురిసిపోకండి. అదే వయసులో లక్షన్నర హైవే కిలోమీటర్లు తిరిగిన బండి పక్కనుంటే నేను ముందు దాని బానెట్టే ఎత్తి చూస్తాను. ఓనర్ని మైలేజీ అడిగే ముందు ఆఫీసు ఎంత దూరమో అడగండి, ఆ తర్వాత డిప్‌స్టిక్ తీయండి.