ఇనప చిత్రిక, మూడు ఉలులు, ఒక రంపం: నాలుగేళ్ళ వాడకం తరువాత

2021 సంక్రాంతి వరకు గోడకు మేకు కూడా సూటిగా దిగగొట్టలేని మనిషిని నేను. కాకినాడలోని ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఆ పండుగ సెలవుల్లో వడ్రంగం నేర్చుకోవాలన్న కోరిక పుట్టి, చెక్కను నునుపు చేసే నాలుగో నంబరు ఇనప చిత్రిక, పావు, అర, ఒక అంగుళం వెడల్పు ఉలులు, చేతిరంపం, మూల సరిగ్గా ఉందో లేదో చూసే మూలమట్టం, ఒకవైపు గరుకుగా ఒకవైపు నునుపుగా ఉండే నూరుడు రాయి కొన్నాను. అన్నీ కలిపి 5,000 రూపాయల లోపే అయింది. నాలుగేళ్ళకు పైగా ఆదివారాల్లో వీటితోనే పనిచేశాను కనుక, చేతికి కొత్తగా పనిముట్లు కొనాలనుకునేవారికి పనికివస్తుందని ఈ అనుభవం రాస్తున్నాను.

మొదట చిత్రిక సంగతి చెప్పాలి, ఎందుకంటే దాదాపు అమ్మేయాలనుకున్నది దానినే. సామిల్లు నుంచి తెచ్చిన మామిడి పలక మీద దానిని తోస్తే ఒకచోట జారిపోయేది, ఇంకోచోట కర్రను పెళ్ళలు పెళ్ళలుగా లేపేది. తయారీదారు మోసం చేశాడనే అనుకున్నాను. నెలన్నర పాటు ఇలా కుస్తీ పట్టిన తరువాత, మా వీధి చివర తలుపులు, కిటికీలు చేసే ఆచారిగారి దగ్గరకు పట్టుకువెళ్ళాను. ఆయన బ్లేడు బయటకు తీసి, అంచు మీద బొటనవేలు అడ్డంగా ఒక్కసారి ఆనించి, "మాస్టారూ, ఇది నూరలేదండీ. కొట్లో ఎలా ఇచ్చారో అలాగే వాడేస్తున్నారు" అన్నారు. కొత్త బ్లేడు పదునుగానే వస్తుందనుకోవడం నా అజ్ఞానం. కర్మాగారంలో దానికి 25 డిగ్రీల ఏటవాలు కోసి పంపుతారు, అంతే. పదును మనం పెట్టుకోవలసిందే.

నూరడం ఆయన నాకు రెండు సాయంత్రాల్లో చూపించారు, నాకు పట్టుబడడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. రాయిని నీటితో తడిపి, ఏటవాలు భాగాన్ని ముందు రాతికి పూర్తిగా ఆనించి, ఆ తరువాత బ్లేడు వెనక కొసను పిసరంత పైకెత్తి, దాదాపు 30 డిగ్రీల కోణంలో అలాగే పట్టుకొని నూరాలి. ఇరవై ముప్పై సార్లు లాగాక బ్లేడు వెనక వైపు, అంచు నుంచి బయటకు వేలు జరిపితే, సన్నని గరుకు తగులుతుంది. ఆ గరుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా తగిలితేనే పదును అంచును చేరినట్టు. మధ్యలో ఎక్కడ తగలకపోయినా ఇంకా నూరవలసి ఉన్నట్టే. అప్పుడు బ్లేడును తిరగేసి, వెనక భాగాన్ని రాయి నునుపు వైపున బల్లపరుపుగా ఆనించి ఆ గరుకును తీసేస్తే పని పూర్తవుతుంది. నేను చివర్లో పాత తోలు బెల్టు మీద నాలుగుసార్లు లాగుతాను. ముంజేతి మీద వెంట్రుకలు తెగితే సరిపోయినట్టు. ఇప్పటికీ నా ఎడమ ముంజేయి నున్నగానే ఉంటుంది, ఇంట్లో దాని మీద వేళాకోళాలు కూడా ఉన్నాయి.

చిత్రికకు ఒక లోపం నిజంగానే ఉంది. దాని అడుగుభాగం సమతలంగా లేదు, మధ్యలో కాస్త గుంట పడినట్టు ఉండేది. మందపాటి గాజుపలక మీద గరుకు కాగితం అంటించి, అడుగున పెన్సిలు గీతలు గీసి, అవన్నీ చెరిగిపోయేదాకా రుద్దాను. రెండు పూటల పని. ఆ ధరలో దొరికే వస్తువు విషయంలో దీనిని నేను క్షమించగలను గాని, పెట్టె మీద "వాడకానికి సిద్ధం" అని అచ్చువేయడాన్ని మాత్రం క్షమించలేను.

ఈ రెండు పనులూ అయ్యాక అదే మామిడి పలక మీద అదే చిత్రిక వేరే వస్తువులా నడిచింది. ఉల్లిపొర లాంటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ బయటకు వచ్చింది, చప్పుడు కూడా మారిపోయింది. అయినా కొన్నిచోట్ల కర్ర చిరిగేది. అది పదును తప్పు కాదు, వాటం తప్పు, అంటే కర్ర నారలు నడిచే దిశను చూసుకోకపోవడం. చేపను తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా ఉంటుంది, ఎదురు నిమిరితే పొలుసు లేస్తుంది. కర్ర కూడా అంతే. పలక పక్క అంచున గీతలు ఎటు పైకి లేస్తున్నాయో చూసి, అటే చిత్రిక పట్టాలి. వేపలో వాటం ఒకే పలకలో పట్టీలు పట్టీలుగా మారుతూ ఉంటుంది కనుక అక్కడ బ్లేడు మీద బిగించి ఉండే రెండో రేకును అంచుకు మిల్లీమీటరు దూరం దాకా దగ్గరకు జరిపి, పలచగా తీయడమే మార్గం.

ఉలుల మీద నాకు ఫిర్యాదు లేదు. టేకులో సహజంగా ఇసుక లాంటి సిలికా ఉంటుంది, అందువల్ల టేకు పనిలో పదును త్వరగా పోతుంది, బెజ్జం ఒకటి తొలిచేలోగా మధ్యలో ఒకసారి రాతి మీదకు వెళ్ళక తప్పదు. ఆ విసుగులోనే, మొద్దుబారిన అంగుళం ఉలిని బలవంతంగా తోసి, ఎడమ అరచేతిలో దింపుకున్నాను. మూడు కుట్లు పడ్డాయి. రెండు చేతులూ ఉలి అంచుకు వెనకే ఉండాలన్న మాట అంతకుముందు పదిసార్లు విన్నదే.

రంపం మాత్రం తప్పుడు కొనుగోలు. పళ్ళ కొనలు నల్లగా, నీలంగా కనిపించే రకం అది. అంటే ఆ పళ్ళను వేడిచేసి గట్టిపరిచారని అర్థం. మొదట్లో అద్భుతంగా కోసింది. ఏడాదిన్నరకు మొండిబారింది, ముక్కోణపు ఆకురాయి దాని మీద జారిపోయిందే తప్ప ఒక్క పన్నునూ పట్టలేదు. పారేయడం తప్ప దానితో చేయగలిగింది లేదు. ఆచారిగారి రంపం ఆయన పెళ్ళికి ముందుదట, ఏటా ఆకురాయి పెట్టుకుంటూ ఇప్పటికీ వాడుతున్నారు. కొనేవారు పళ్ళ రంగు చూసి కొనండి.

పనిముట్ల కన్నా కర్ర ఎక్కువ డబ్బు తింటుందన్న సంగతి నాకు ముందు ఎవరూ చెప్పలేదు. సామిల్లులో లెక్క ఘనపుటడుగుల్లో ఉంటుంది. ఆరడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక పావు ఘనపుటడుగు. ఈ లెక్క వేసుకొని వెళ్ళకపోతే లెక్కల మాస్టారైనా మోసపోతాడు, నేను పోయాను. చేవ ఉన్న కర్ర అని చెప్పి తెల్లచెక్క, అంటే చేవ చుట్టూ ఉండే బయటి మెత్తని చెక్క, కలిపి ఇచ్చారు, ఆ తెల్లచెక్కలో ఆర్నెల్లకే పురుగు పొడి రాలింది. నేర్చుకునే రోజుల్లో మామిడి చాలు, పాడైనా బాధ ఉండదు.

నా మొదటి సొంత వస్తువు మా అమ్మకు చేసిన పీట. మూడు పలకలు పక్కపక్కన అతికి, అడుగున అడ్డంగా రెండు పట్టీలను పొడవునా జిగురు పూసి, మరమేకులతో బిగించాను. ఆషాఢంలో చేసిన ఆ పీట మరుసటి ఏప్రిల్లో ఒక రాత్రి టప్‌మని పగిలింది. కర్ర పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మాత్రం చెమ్మకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పలకలు ముడుచుకోబోతే అడ్డపట్టీలు కదలనివ్వలేదు, అందుకే అతుకు దగ్గర కాదు, పలక నడిమధ్యన బీటవారింది. రెండో పీటకు పట్టీల చివర మరమేకు రంధ్రాలను కోలగా తొలిచి, జిగురు పట్టీ మధ్యలో రెండంగుళాల మేర మాత్రమే పూశాను. అది మూడు వేసవులు దాటింది. పగిలిన పీటను అమ్మ పారేయనివ్వలేదు, దాని మీద కూర్చునే కూరలు తరుగుతుంది.

ఇంటర్నెట్లో దొరికే పాఠాలు చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం చలిదేశపు మెత్తని దేవదారు జాతి కర్రతో, బరువైన పని బల్ల మీద చేసినవి. మన కర్రకూ మన వరండాకూ వాటిని తగ్గించి తీసుకోవాలి. బల్ల కొనే స్తోమతు లేనప్పుడు ఆచారిగారిలా నేల మీద కూర్చొని, పలకను పాదాలతో అదిమిపట్టి పనిచేయడం నాకు మేలు చేసింది, మోకాళ్ళు మాత్రం ఒప్పుకోవాలి. ఐటీఐల్లో కార్పెంటర్ ట్రేడు ఏడాది చదువు. ఆ విద్యార్థుల కోసం చెన్నైలోని నిమి సంస్థ వేసే పుస్తకాల్లో కుసి (బెజ్జంలో దూరే కొస), బెజ్జం కొలతల బొమ్మలు చూసి నేను చాలా దిద్దుకున్నాను.

కరెంటు పనిముట్ల వైపు వెళ్ళకపోవడానికి పక్కింటివారు ఒక కారణం, పొడి ఇంకో కారణం. చిత్రిక పొట్టును చీపురుతో ఊడ్చేయవచ్చు, యంత్రం లేపే సన్నని పొడి ఊపిరిలోకి పోతుంది. చెక్క పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. గరుకు కాగితం పట్టేటప్పుడు, అదీ టేకు మీద, నేను ముక్కుకు మాస్కు కట్టుకుంటాను, లేకపోతే సాయంత్రం దాకా తుమ్ములే.

కాకినాడ సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టడం మామూలే. పని కాగానే కుట్టుమిషను నూనె తడిపిన గుడ్డతో అన్నిటినీ తుడిచి పెడతాను. ఒక వానాకాలం ఊరు వెళ్ళి మరిచిపోతే, చిత్రిక అడుగున వచ్చిన మచ్చలు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చిత్రిక బ్లేడు నూరి నూరి పావంగుళం మేర అరిగింది, ఇంకా చాలా మిగిలింది. మళ్ళీ మొదటి నుంచి కొనవలసివస్తే అదే చిత్రిక, అవే ఉలులు కొంటాను. రంపం మాత్రం ఆకురాయికి లొంగేదే కొంటాను, నూరుడు రాయి ఇంకాస్త ఖరీదైనది తీసుకుంటాను, ఎందుకంటే నా రాయి మధ్యలో గుంట పడిపోయి, నెలకోసారి సిమెంటు గట్టు మీద రుద్ది సమం చేసుకోవలసి వస్తోంది.