జిప్సీకి బోరింగ్: 52 వేలు పెడితే పెరిగింది 18 సీసీ

భీమవరంలో రొయ్యల చెరువుల జనరేటర్లకి ఎక్కువగా పనిచేసే ఒక లేత్ షాపులో నా పాత మారుతీ జిప్సీ ఇంజన్ బోరింగ్‌కి ఇచ్చాను, అంటే అరిగిన సిలిండర్లని లోపల కాస్త వెడల్పు చేసి పెద్ద పిస్టన్లు వేయడం. పనికి వంక పెట్టలేం. ముందు పిస్టన్లు తెచ్చి ఇమ్మన్నాడు పెద్దాయన, ఒక్కోదాన్ని మైక్రోమీటరుతో కొలిచి, బ్లాకు మీద సుద్దముక్కతో నంబరు వేసి, ఏ పిస్టన్‌కి తగ్గ బోరు దానికే తీశాడు. హోనింగ్ (సిలిండరు లోపల సన్నగా రాపిడి పట్టడం) అయ్యాక టార్చి వేసి చూస్తే లోపల వల అల్లినట్టు సన్నటి గీతలు, ఆయిల్ పట్టుకునేది వాటిలోనేనట.

ఇక సీసీ సంగతి. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం 75.5, మొత్తం 1298 సీసీ. బోరు అర మిల్లీమీటరు పెంచితే 1316, అంతే! "ఆయ్, పవర్ కోసమైతే దండగండి, అరిగింది కాబట్టి చేస్తున్నాం" అని ఆయన ముందే చెప్పాడు, నేనే వినలేదు. నిజంగా తేడా కావాలంటే క్రాంక్ మార్చి స్ట్రోకు పెంచాలి, లేదా పాత బలెనో 1.6 ఇంజన్ ఎక్కించుకోవాలి, అప్పుడు ఆర్టీఓ అనుమతి, ఆర్సీలో మార్పు అదో తలనొప్పి.

షాపు కూలి 5 వేలే. పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు, ఇంజన్ దించి ఎక్కించే మెకానిక్కు, అన్నీ కలిపి 52 వేలు తేలింది. వారం అన్నది 19 రోజులు పట్టింది, కరెంటు పోతే రొయ్య ఆగదు కదా, జనరేటర్లే ముందు. ఇప్పుడు పొగ లేదు, ఆయిల్ తాగడం లేదు. నర్సాపురం రోడ్డులో మాత్రం ఆటోలు కూడా నన్ను దాటిపోతున్నాయి, వెయ్యి కిలోమీటర్ల వరకు తొక్కొద్దన్నాడు మరి.