పాత కారు ఇంజన్ పనికి ఏ సామాను మేలు: కంపెనీదా, బయటి బ్రాండా, లోకలా?

పదేళ్లు దాటిన ఆల్టో, శాంత్రో, వేగనార్ ఉన్నవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఇదే. హెడ్ (ఇంజన్ పై భాగం) విప్పాలని మెకానిక్ చెప్పాడు, సామాను కంపెనీదే తేవాలా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరికే బ్రాండ్‌వి సరిపోతాయా, హైదరాబాద్ పుత్లీబౌలిలో అంతకంటే తక్కువకి వచ్చే లోకల్‌తో కానిచ్చేయొచ్చా అని. ఎవరు ఏ ధర చెప్పారన్నది నేను తర్వాత చూస్తాను. ముందు చూసేది, ఆ పార్ట్ రేపు పాడైతే ఇంజన్ మళ్ళీ విప్పాలా, అక్కర్లేదా అని.

విప్పాల్సి వస్తుందంటే అక్కడ పొదుపు వద్దే వద్దు. హెడ్‌కీ దాని కింది బ్లాక్‌కీ మధ్య లీకు కాకుండా ఉండే పలక, హెడ్ గాస్కెట్‌నే తీసుకోండి. నాసిరకంది కొంటే మిగిలేది వందల్లో ఉంటుంది. అది మే నెల ఎండలో, అమీర్‌పేట ట్రాఫిక్‌లో, ఏసీ వేసుకుని పాకుతున్నప్పుడు కొట్టేసిందంటే మళ్ళీ హెడ్ దించాలి, వంగిందేమో చూడాలి, లేత్‌కి పంపి ఫేసింగ్ చేయించాలి, అంటే అడుగు చదును చేయించాలి, ఆయిల్, కూలెంట్ కొత్తవి పోయాలి, వీటన్నిటి పైన లేబర్ మొదటి నుంచి కట్టాలి. ఆయిల్ మూత కింద మీగడలా తెల్లటి జిడ్డు కనిపించేదాకా ఎవరూ గమనించకపోతే నీళ్లు కలిసిన ఆయిల్‌తోనే తిరిగి బేరింగులు కూడా పోతాయి. పిస్టన్ రింగులు, వాల్వ్ సీల్స్, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా ఈ కోవలోవే. ఆ వెనక సీల్ ధర చిన్నదే, కానీ దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. క్రాంక్‌తో పాటు వాల్వులు సరైన సమయానికి కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ సంగతి ఇంకా పెద్దది, చాలా ఇంజన్లలో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. అందుకే బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంప్ ఒకేసారి మార్చేయమంటాను. 2010లో వచ్చిన కే10 ఇంజన్ వేగనార్‌కి బెల్ట్ బదులు చైన్ కాబట్టి ఆ బండి ఉన్నవాళ్లకి ఈ బెల్ట్ భయం లేదు.

ఇక అసలు పోటీ కంపెనీ పెట్టెకీ, బయటి మంచి బ్రాండ్‌కీ మధ్యే. కార్ల కంపెనీలు గాస్కెట్లు, రింగులు, బెల్టులు సొంతంగా చేసుకోవు, చాలావరకు బయట చేయించుకుంటాయి. టాల్‌బ్రోస్ గాస్కెట్లు, గోయెట్జ్ రింగులు, గేట్స్ బెల్టులు, మన హైదరాబాద్‌లో కూడా ప్లాంట్ ఉన్న రాణే వాల్వులు, ఇవన్నీ కార్ల కంపెనీలకీ వెళ్తాయి, సొంత పెట్టెలో షాపులకీ వస్తాయి. అలాగని పేరున్న బ్రాండ్ ఏదైనా మీ బండికి సరిపోతుందని కాదు. మీ మోడల్‌కి అసలు ఎవరు ఇచ్చారో తెలియాలి, అది తెలుసుకోవడానికి చక్కటి దారి విప్పిన పాత పార్టే. మెకానిక్‌ని అడిగి తీసుకుని కిరోసిన్ గుడ్డతో తుడవండి. ఆయిల్ సీల్ అంచు మీద, బెల్ట్ వీపు మీద, వాటర్ పంప్ పోత మీద తయారీదారు పేరో గుర్తో చాలాసార్లు కనిపిస్తుంది. అదే పేరుతో బయట కొన్న పంప్ చూస్తే కొన్నిటి మీద కారు కంపెనీ లోగో ఉండాల్సిన చోట గీకేసిన మచ్చ కూడా ఉంటుంది. అలాంటిది దొరికితే నేను ఆలోచించకుండా అదే తీసుకుంటాను, మా ఇంటి పాత వేగనార్‌కి ఈ మధ్య హెడ్ పనిలో వేయించినవి చాలావరకు అవే. వాల్వ్ సీల్స్, హెడ్ బోల్టులు మాత్రం కంపెనీవి తెచ్చాను, వాటి మీద ధర తేడా చాలా తక్కువ.

ఏది కొన్నా బిల్లు అడగండి. పేరున్న పెట్టెకే డూప్లికేట్లు ఎక్కువ. హోలోగ్రామ్, క్యూఆర్ కోడ్, పార్ట్ నంబరు చూసుకోండి, "బిల్లు లేకుంటే తగ్గిస్తా అన్నా" అంటే ఆ షాపు వదిలేయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్ట్స్ మీద జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది, కాబట్టి బిల్లు ఎగ్గొట్టి మిగుల్చుకునేది కూడా తగ్గింది. పాత మోడళ్లకి ఇంకొకటి చూడాలి, ప్యాకింగ్ తేదీ. అమ్ముడుపోక ఏళ్ల తరబడి షెల్ఫ్‌లో పడున్న రబ్బరు గట్టిపడుతుంది, సీల్ పెదవిని వేలితో వంచితే మెత్తగా వంగి వెనక్కి రావాలి.

పిస్టన్లు మాత్రం ముందే కొనకండి. లేత్‌వాళ్లు బోర్ (పిస్టన్ తిరిగే సిలిండర్ రంధ్రం) కొలిచి స్టాండర్డ్ సరిపోతుందా, 0.25 ఎంఎం ఓవర్‌సైజా, 0.50 ఎంఎంనా చెప్పాక కొని, ఆ పిస్టన్లు చేతికిచ్చి వాటి కొలతకే బోరింగ్ చేయించాలి.

లోకల్ సామాను బ్రాకెట్లకి, కింది గార్డుకి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులకి చాలు. రేడియేటర్ పైపులకి వద్దు, బయట కనిపించేవే అయినా అవి పగిలితే ఇంజన్ వేడెక్కి హెడ్ దాకా వస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో స్టార్టర్, ఆల్టర్నేటర్ చూసి కొనొచ్చు. హెడ్ అయితే ప్రెషర్ టెస్ట్ చేయించి పగులు లేదని తేలాకే డబ్బివ్వండి. ఇంజన్ మొత్తం మార్చేస్తే చవక అని ఆటోనగర్‌లో ఎవరైనా చెబితే, కాగితాలున్న ఇంజన్ అయితేనే ముందుకెళ్లండి, ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించకపోతే పదిహేనేళ్ల రెన్యూవల్‌కి వెళ్లినప్పుడు అక్కడే ఆపేస్తారు.