టీవీలో "కనెక్ట్ కాలేదు" అని వస్తే టిఫిన్ సెంటర్ పక్క షాపాయన్ని మాత్రం పిలవకండి

ఇప్పుడే ఆ షాపు నుంచి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అక్షరాలు తప్పుపోతే సర్దుకుని చదవండి. పేరు రాయను, రాస్తే అదో గొడవ. గుమ్మంలో ఎప్పుడూ కేబుల్ చుట్టలు పడేసి ఉంటాయే, ఆ షాపు. మన బ్లాకులో సగం ఇళ్లకి నెట్ పెట్టింది ఆయనే కాబట్టి మీకు తెలిసే ఉంటుంది.

రెండు వారాల క్రితం ఓ రాత్రి కరెంటు పోయి వచ్చింది. అప్పటినుంచి టీవీలో ఏ యాప్ నొక్కినా కాసేపు గుండ్రంగా తిరగడం, "సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోతున్నాం" అనడం. వైఫై కనెక్ట్ అయ్యే ఉంది. అదే వైఫై మీద ఫోన్‌లో అన్నీ శుభ్రంగా ఆడుతున్నాయి. రూటర్ ఆపి వేశాను, టీవీ ప్లగ్గు పీకి పెట్టాను, యాప్ అప్‌డేట్ చేద్దామంటే స్టోరే తెరుచుకోలేదు. మా అత్తగారు సీరియల్ ఏదమ్మా అని గంటకోసారి. ఫోన్‌లో వస్తూ టీవీలో రాకపోతే తప్పు ఎక్కడున్నట్టు? ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం ఆ షాపాయనకి ఫోన్ చేశాను.

వచ్చాడు. రూటర్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, ఊది, "బోర్డు పోయిందక్కా, ఇది డెడ్. నాలుగేళ్లంటే ఎక్కువే బతికింది" అన్నాడు. డెడ్ అయిన రూటర్ మీద నా ఫోన్ ఎలా నడుస్తోందని అడిగాను, నిజంగానే అడిగాను. "ఫోన్‌కి చిన్న సిగ్నల్ చాలక్కా, టీవీ లాగాలంటే 5జీ రూటర్ ఉండాలి" అన్నాడు. రూటర్ల మీద రాసేది 5 గిగాహెర్ట్జ్ అని, అది వైఫై తరంగాల లెక్కని, ఫోన్ల 5జీకి దానికీ చుట్టరికమే లేదని, పైగా గోడలు దాటాలంటే పాత 2.4 గిగాహెర్ట్జే నయమని తర్వాత తెలిసింది. మా రూటర్ హాల్లో, టీవీ రెండు గోడల అవతల. ఇక నెట్ స్పీడు 40 ఎంబీపీఎస్ ఉన్న మా ప్లాన్ టీవీకి ఏ మూలకీ చాలదట. 4కె బొమ్మకి కూడా నెట్‌ఫ్లిక్స్ వాళ్లు చెప్పే లెక్క 15 ఎంబీపీఎస్. మాది 4కె టీవీ కూడా కాదు!

కొత్త రూటర్ 4,200. సెట్టింగ్ ఛార్జీ 500. ప్లాన్ 100 ఎంబీపీఎస్‌కి పెంచి ఆరు నెలలకి అడ్వాన్సు 3,000. మొత్తం 7,700. బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుందక్కా, మీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టం ఏమిటో తెలుసుగా, వద్దన్నాను. డబ్బు మిగిల్చానని లోపల మురిసిపోయాను కూడా.

ఇక అసలు ఘట్టం. రూటర్ బిగించాక టీవీ రిమోట్ తీసుకుని, "అక్కా, ఎండలో వచ్చాను, కాసిని మంచినీళ్లు" అన్నాడు. పాపం కదా అని నేను మంచినీళ్లతో సరిపెట్టలేదు. పెరుగు చిలికి, కరివేపాకు తుంచి, ఉప్పేసి పెద్ద గ్లాసుడు మజ్జిగ చేసి తెచ్చాను. నేను తెచ్చేసరికి టీవీలో బొమ్మ ఆడుతోంది. "చూశారా, చెప్పానా" అన్నాడు మజ్జిగ అందుకుంటూ. నేను థాంక్స్ చెప్పాను. పాత రూటర్ చెత్తేగా, నేనే పడేస్తానంటే సంచి ఇచ్చి మరీ పంపాను.

మొన్న మళ్లీ కరెంటు పోయి వచ్చింది. మళ్లీ అదే గుండ్రం, అదే మాట. ఈసారి బెంగళూరులో ఉన్న మా అన్నయ్య కొడుకుకి వీడియో కాల్ చేసి టీవీ చూపించాను. "అత్తా, సెట్టింగ్స్‌లో డేట్ ఎంతుందో చూడు" అన్నాడు. చూస్తే 2018 జనవరి 1. డేట్ అండ్ టైమ్ మాన్యువల్‌లో ఉంది, అందుకే కరెంటు పోయినప్పుడల్లా మొదటికొస్తోంది. యాప్ సర్వర్‌తో మాట్లాడే ముందు దాని సెక్యూరిటీ సర్టిఫికెట్ చూస్తుందట. దానికి ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా అని గడువుంటుంది. టీవీ 2018లో కూర్చుని ఉంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకని నమ్మదు. ఆటోమేటిక్ అని ఒక్క నొక్కు నొక్కించాడు. అన్నీ వచ్చేశాయి. నిమిషం కూడా పట్టలేదు.

అప్పుడు వెలిగింది, నేను మజ్జిగ చిలుకుతున్నప్పుడు ఆయన చేసింది అదేనని. తేదీ మార్చాడు, ఆటోమేటిక్‌లో పెట్టలేదు. పెడితే మళ్లీ పిలవం కదా.

ఇవాళ షాపుకి వెళ్లాను. కౌంటర్ వెనక అరలో, లైట్లు మిణుకుమిణుకుమంటూ, మా రూటర్! మాదేనని ఎలా చెప్తున్నానంటే, దాని నెత్తిన మా అమ్మాయి అంటించిన బ్యాండేజీ ముక్క అలాగే ఉంది. ఎవరొచ్చినా అడుగుతున్నారని దాని మీద నీలం పెన్నుతో వైఫై పాస్‌వర్డ్ రాసింది, చివర్లో ఒక పువ్వు బొమ్మ. పక్కన స్కెచ్‌పెన్నుతో అట్టముక్క: 900. డెడ్ బాడీ ధర అన్నమాట.

"ఇది డెడ్ అన్నారుగా?" అన్నాను. చూశాడు, ఏమాత్రం తడబడలేదు. "రిపేరు చేశాం మేడం." ఇంట్లో అక్కని, షాపులో మేడమయ్యాను. డేట్ సంగతి ఎత్తాను. దానికి ఆయన మాట, పదం కూడా మార్చకుండా రాస్తున్నాను: "మీకు టీవీ నడిచిందా లేదా? నడిచింది. ఏం చేసి నడిపించానో మీకెందుకు? డేట్ చూసుకోవడం రానివాళ్లకి స్మార్ట్ టీవీ ఎందుకు మేడం?" హెల్మెట్ చేత్తో పట్టుకుని రీఛార్జికి వచ్చిన పెద్దాయన ఒకాయన నవ్వాడు. 7,700 కంటే ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. కొత్త రూటర్ వాపసు తీసుకోమంటే "పెట్టె విప్పాక కుదరదు, బిల్లుందా?" అన్నాడు. బిల్లట! నేను నోరు తెరిచేలోపు ఇంకొకరికి రీఛార్జి చేస్తున్నాడు.

1915కి ఫోన్ చేయబోతున్నాను, వినియోగదారుల హెల్ప్‌లైన్. అసలు బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుడు వ్యాపార పద్ధతట. డబ్బు ఫోన్‌లోంచే పంపాను కాబట్టి ఆ రుజువైనా ఉంది. 5 లక్షల లోపు కేసుకి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదంటున్నారు, చూస్తాను.

మీకూ ఇలా వస్తే ముందు టీవీలో తేదీ చూడండి. అది సరిగ్గానే ఉంటే ఫోన్ హాట్‌స్పాట్‌కి టీవీని కలిపి చూడండి. దాని మీదా రాకపోతే మీ రూటర్ జోలికి ఎవర్నీ రానివ్వకండి. హాట్‌స్పాట్ మీద వస్తే అప్పుడు నెట్ వాళ్లని పిలవండి, వాళ్ల పని అయ్యేదాకా వంటింట్లోకి వెళ్లకండి.

ఆ 900 రూటర్ మీద ఎవరికైనా కన్ను పడితే, వస్తువు మంచిదే, నాలుగేళ్లు ఒక్కసారి కూడా ఏడిపించలేదు. బేరమాడితే 500కి ఇస్తాడు, ఆయనకి పడింది సున్నాయే. పాస్‌వర్డ్ మార్చుకోండి.