వాట్సాప్ బిజినెస్: జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఎంతవరకు పనికొస్తుంది?

ఆదోని యార్డులో పత్తి బేరం తెగిన దగ్గర్నుంచి లారీ జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు) కాటా ఎక్కేదాకా పనంతా ఇప్పుడు ఫోను మీదే. లాటు ఎవరిది, తేమ ఎంత, హమాలీలు ఎందరు కావాలి, లారీ ఎక్కడ ఆగింది అన్నీ అందులోనే. ఇవన్నీ యజమాని సొంత వాట్సాప్‌లో పెళ్లి పిలుపులకూ గుడ్ మార్నింగ్ పూలబొమ్మలకూ మధ్య నలుగుతుంటే, వ్యాపారుల కోసం వేరుగా ఉన్న వాట్సాప్ బిజినెస్‌కు మారడం లాభమే. మన దేశంలోకి 2018 జనవరిలో వచ్చిన ఈ యాప్‌కు పైసా కట్టక్కర్లేదు. తీర్పు ముందే చెప్పేస్తున్నాం: కబురు అందించడానికి దీన్ని మించింది లేదు, లెక్క దాచుకోవడానికి మాత్రం దీన్ని నమ్మొద్దు.

మొదటి తప్పు నంబరు దగ్గరే జరుగుతుంది. యజమాని సొంత నంబరుతో మొదలుపెడితే పాత చాట్లన్నీ బిజినెస్ యాప్‌లోకి వచ్చేస్తాయి. తర్వాత మనసు మార్చుకుని మామూలు వాట్సాప్‌కు తిరిగి పోదామంటే చాట్లు వెంట రావు. ఆఫీసుకు ల్యాండ్‌లైన్ ఉంటే దాన్నే వాడండి. కర్నూలులో 08518తో మొదలయ్యే పాత నంబర్లు ఇరవై ఏళ్లుగా బిల్లు పుస్తకాల మీద ఉన్నవి, పార్టీలకు నోటికి వచ్చినవి. యాప్‌లో నంబరు కొట్టాక ఎసెమ్మెస్ ఎలాగూ రాదు. గడువు తీరేదాకా ఆగి, ఫోన్ కాల్ అన్నదాన్ని నొక్కితే ఆరంకెల కోడ్‌ను గొంతుతో చెబుతారు. ల్యాండ్‌లైన్‌కు ఇంటర్‌కం పెట్టె తగిలించి ఉంటే ఆ కాల్‌ను రికార్డయిన స్వాగత వచనం ఎత్తేస్తుంది, కోడ్ గాలికి పోతుంది. ఆ పది నిమిషాలు పెట్టె తీసేసి లైనును నేరుగా ఫోనుకు తగిలించాలి.

కొత్త సిమ్ కొని వాడేవాళ్లు దాన్ని డ్రాయరులో పడేసి రీచార్జి మరిచిపోతారు. కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరికి పోతుంది, దాంతోపాటే ఖాతా కూడా. రీచార్జి తేదీ గోడ క్యాలెండరు మీద రాయండి. సెట్టింగ్స్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్‌కు ఆరంకెల పిన్, ఒక ఈమెయిలు ఇవ్వండి. పిన్ గుమాస్తాకు తెలియాల్సిన పని లేదు.

అసలు ఫోనుకు తోడు మరో నాలుగు పరికరాలను కలపొచ్చు. మిల్లుకు ఇది సరిగ్గా సరిపోతుంది: కాటా దగ్గర ఒక ఫోను, ఆఫీసు కంప్యూటరు, యార్డులో తిరిగే మనిషి ఫోను, ఇంకొకటి చేతిలో మిగులు. అసలు ఫోనును 14 రోజులు తెరవకపోతే మిగతావన్నీ ఊడిపోతాయి. పండక్కి ఊరెళ్లే యజమానులకు ఇది గుర్తుండదు. ఇంకో చిక్కు: కలిపిన ప్రతి పరికరంలో ప్రతి చాటూ కనబడుతుంది. కాటా గుమాస్తాకు కాటా చాట్లే చూపించి, ధరల మాటలు దాచే వీలు ఈ ఉచిత యాప్‌లో లేదు. అవతలి పార్టీకీ జవాబు ఎవరిచ్చారో తెలియదు. అందుకే మెసేజి చివర రాసినవారి పేరులో మొదటి అక్షరం పెట్టడం అలవాటు చేయాలి.

వాయిస్ మెసేజీల సంగతి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినబడే ఆదోనిలో, చదవడం రాని హమాలీలతో పని చేయించాలంటే గొంతే దారి. కానీ జిన్నింగ్ యంత్రాల హోరులో ‘ఇరవై’కీ ‘అరవై’కీ తేడా తెలియదు. వెతుకుదామన్నా వాయిస్‌లో చెప్పిన అంకె వెతుకులాటలో దొరకదు. పిలవడానికీ పురమాయించడానికీ గొంతు, అంకె ఏదైనా సరే అక్షరాల్లో: ఈ ఒక్క నియమం పెడితే సగం తగవులు తీరతాయి. తేమ విషయంలో ఇది మరీ ముఖ్యం. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలులో 8 శాతం దాటిన కొద్దీ ధర కోత పడుతుంది, 12 దాటితే సరుకే తీసుకోరు. అలాంటి చోట ‘ఎనిమిదా, ఎనిమిదిన్నరా’ అన్నది చెవికి వదిలేసే మాట కాదు.

కాటా చీటీ ఫోటో మామూలుగా పంపితే యాప్ దాన్ని కుదించేస్తుంది, పెద్దది చేసి చూస్తే 3, 8 ఒకటే అవుతాయి. హెచ్‌డీ ఎంచుకుని గానీ, డాక్యుమెంటుగా గానీ పంపండి. వేడి తగిలితే అక్షరం మాసిపోయే థర్మల్ కాగితం మీద వచ్చే చీటీ అయితే, ఎండలో డ్యాష్‌బోర్డు మీద పడేయకముందే, చేతికి వచ్చిన వెంటనే ఫోటో తీయాలి.

లెక్కకు నమ్మొద్దన్నది ఎందుకంటే: పంపిన మెసేజిని 15 నిమిషాల్లోపు మార్చొచ్చు. మార్చారన్న గుర్తు పడుతుంది గానీ ముందు ఏముందో కనబడదు. రెండు రోజులు దాటాక కూడా కొన్ని గంటల వరకు అందరి ఫోన్ల నుంచీ తుడిచేయొచ్చు. రేటు ఖాయమైన వెంటనే సౌదా పుస్తకంలోకో, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలోకో ఎక్కించండి. ఆండ్రాయిడ్‌లో బ్యాకప్ చేరేది గూగుల్ ఖాతాలోకి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిలూ ఫోటోలూ ఉంటాయి, వీడియోలతో అది నిండితే బ్యాకప్ చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. బ్యాకప్‌లో వీడియోలు వద్దని సెట్టింగ్స్‌లో పెట్టుకోండి.

చాట్లకు తగిలించే గుర్తులైన లేబుళ్లు ఇందులో అన్నిటికంటే పనికొచ్చే వసతి, అన్నిటికంటే తక్కువమంది వాడేదీ ఇదే. ఇరవై దాకా పెట్టుకోవచ్చు, ఐదు చాలు: శాంపిల్ చూశారు, రేటు చెప్పాం, అడ్వాన్సు వచ్చింది, లోడు పోయింది, బాకీ. అవి పార్టీకి కనబడవు. సాయంత్రం ‘బాకీ’ నొక్కితే ఎవరెవరికి ఫోను చేయాలో వరసగా వస్తుంది. క్విక్ రిప్లయిలలో (ముందే రాసి దాచుకునే జవాబులు) బ్యాంకు వివరాలు ఒకటి, గేటు దారి ఒకటి దాచండి. బ్యాంకు నంబరు ప్రతిసారీ చేత్తో కొడితే ఏదో ఒకరోజు అంకె తప్పుతుంది.

సరుకును ఫోటోలతో చూపే కేటలాగ్ పత్తికి దండగ. అదే కడప బండలు అమ్మేవారికి బాగా కలిసొస్తుంది, 500 రకాల దాకా పెట్టొచ్చు. మందం, పాలిష్‌ను బట్టి చదరపుటడుగు ధర మారుతుంది కాబట్టి ధర గడి ఖాళీగా వదిలేయండి. నీళ్లు చల్లి ఫోటో తీస్తే బండ నల్లగా నిగనిగలాడుతుంది, ఆరాక బూడిద రంగు తేలుతుంది. తడిదీ పొడిదీ రెండూ, పక్కన టేపు పెట్టి చూపిస్తే సరుకు దిగాక పేచీ ఉండదు.

ఒకే మెసేజిని చాలామందికి ఒక్కసారే పంపే బ్రాడ్‌కాస్ట్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఒక జాబితాలో 256 మంది వరకే, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. రైతుకు రేటు అందలేదంటే ముందు చూడాల్సింది అదే. వచ్చిన రైతు ఫోనులో నంబరును అక్కడికక్కడే సేవ్ చేయించడం కాటా గుమాస్తా పనిలో చేర్చండి. అడగనివాళ్లకు గుంపుగా పంపితే వాళ్లు రిపోర్టు కొడతారు, నంబరు మూతపడుతుంది.

వాట్సాప్ లేని చిన్న ఫోన్లవాళ్లకు ఎసెమ్మెస్సే గతి. వ్యాపార ఎసెమ్మెస్‌లకు టెలికాం కంపెనీల నమోదు వేదిక డీఎల్‌టీలో సంస్థను, పంపేవారి గుర్తును, మెసేజి నమూనాను నమోదు చేయాలి. తెలుగులో అయితే ఒక మెసేజికి 70 గుర్తులే. ఇంగ్లీషు అక్షరాల్లో 160. గుణింతం, పొల్లు ఒక్కోటి ఒక్కో గుర్తే, ‘కర్నూలు’కు ఏడు ఖర్చవుతాయి. 71వ గుర్తు పడితే రెండు మెసేజిల డబ్బు. ‘గౌరవనీయులైన రైతు సోదరులకు’ అన్న మర్యాదకే మూడో వంతుకు పైగా ఖర్చయిపోతుంది, దాన్ని తీసేయండి.

స్లాక్, టీమ్స్, జోహో క్లిక్ వంటి చాట్ యాప్‌లు కంప్యూటరు ముందు కూర్చునే ఆఫీసులకు. స్లాక్ ఉచిత ప్లానులో 90 రోజుల పాత మాటలే కనబడతాయి. మిల్లులో లారీ డ్రైవరు చేత ఇంకో యాప్ పెట్టించడమంటే జరిగే పని కాదు. సంస్థ సాఫ్ట్‌వేర్ నుంచే మెసేజీలు పంపే వాట్సాప్ ఏపీఐకి మెసేజీల లెక్కన డబ్బు. రోజూ వందల అపాయింట్‌మెంట్లు చూసే కర్నూలు ఆసుపత్రులకు గిట్టుతుందేమో గానీ, ఒక కాటా ఉన్న మిల్లుకు గిట్టదు.

గుమాస్తా పని మానేసిన రోజు సాయంత్రంలోగా అసలు ఫోనులో లింక్డ్ డివైసెస్ తెరిచి అతని పరికరాన్ని లాగౌట్ చేయండి, గ్రూపుల్లోంచి తీసేయండి, ఆఫీసు ఫోను అతని చేతిలో ఉండేదైతే పిన్ కూడా మార్చండి. అతని ఫోను గ్యాలరీలో ఇప్పటికే దిగిన చీటీల ఫోటోలు మాత్రం అక్కడే ఉంటాయి, వాటిని యాప్ తిరిగి తేలేదు.