బొగ్గు కోసే పిక్కులు: ఎనిమిదేళ్ళ వాడకంలో నాకు తేలింది

బొగ్గు గనిలో కంటిన్యూయస్ మైనర్ (తిరిగే డ్రమ్ముతో బొగ్గు కోసే యంత్రం) మీద ఎనిమిదేళ్ళుగా ఫిట్టర్‌గా పనిచేస్తున్నాను. డ్రమ్ముకి బిగించే మొనదేలిన పిక్కుల్లో (మేం అన్నిటినీ బిట్లే అంటాం) రెండు రకాలు బాగా వాడాను. ఒకటి సన్న టిప్పుది, రెండోది టోపీ పెట్టినట్టు వెడల్పాటి టిప్పుది.

సన్నది మెత్తటి బొగ్గులో అరటిబోదెలో కత్తి దిగినట్టు దిగుతుంది. మోటారు మీద భారం తక్కువ, బొగ్గు పెద్ద ముక్కలుగా ఊడుతుంది, దుమ్ము తగ్గుతుంది. మధ్యలో రాతి పొర తగిలిందా, మొన విరిగిపోతుంది. ఇసుకరాయిలో ఇంకో తంటా ఉంది. టిప్పు బాగానే ఉంటుంది కానీ దాని కింది ఉక్కు మెడ అరిగిపోయి, ఆసరా లేక టిప్పు రాలిపోతుంది. వెడల్పు టిప్పు ఆ మెడను కాపాడుతుంది. అందుకే రాయి కలిసిన చోట నా ఓటు దానికే. మెత్తటి బొగ్గులో మాత్రం అది కరెంటు ఎక్కువ లాగి పొడి చేసి పెడుతుంది.

టిప్పు టంగ్‌స్టన్ కార్బైడ్, దాన్ని కలిపి పట్టి ఉంచేది కోబాల్ట్. కోబాల్ట్ పెరిగితే దెబ్బ తట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. తగ్గితే గట్టిగా ఉంటుంది, పెళుసు. రెండూ కావాలంటే కుదరదు.

మొదటి రెండేళ్ళు పిక్కు త్వరగా పోయినప్పుడల్లా సరుకునే తిట్టాను. తర్వాత ఏ స్థానంలో ఏది మార్చానో నోటుబుక్కులో రాయడం మొదలుపెడితే, డ్రమ్ము అంచుల్లో అవే నాలుగైదు స్థానాలు మాటిమాటికీ కనిపించాయి. అక్కడ హోల్డర్ (డ్రమ్ము మీద పిక్కు కూర్చునే గూడు) రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది. పిక్కు కోస్తూ తనంతట తాను తిరగాలి, అప్పుడే చుట్టూ సమంగా అరుగుతుంది. సాగిన రంధ్రంలో వంకరగా ఇరుక్కుంటే, లేదా బొగ్గుపొడి తడిసి బిగుసుకుంటే, ఒకపక్కే అరిగి ఉలిలా తయారవుతుంది. హోల్డర్లు మార్పించాక అదే పిక్కు అక్కడ హాయిగా నిలిచింది. అన్నేళ్ళ తిట్లు వృథా.

ఇప్పుడు షిఫ్టు మొదట్లో ఒక్కోటి చేత్తో తిప్పి చూస్తాను. ఒకటి ఊడిపోయినా 'షిఫ్టు అయ్యాక చూద్దాం' అంటే ఒప్పుకోను. దాని వంతు భారం పక్కదాని మీద పడుతుంది, ఖాళీ హోల్డర్ రాయికి రాసుకుంటుంది. పిక్కుతో పోయేది హోల్డర్ దాకా వస్తుంది. అలాగని అరిగిన వాటి మధ్య ఒక్కటే కొత్తది పెట్టినా చిక్కే. అది పైకి పొడుచుకొచ్చి దెబ్బంతా తనే తింటుంది. వీలైతే వరుసంతా మారుస్తాను.

మొద్దుబారిన పిక్కు ఇసుకరాయికో పైరైట్‌కో (బొగ్గులో దొరికే గట్టి ఖనిజం) రాసుకుంటే వెనక ఎర్రగా కాలిన గీత మిగులుతుంది. గాలిలో మీథేన్ (బొగ్గులోంచి వచ్చే మండే వాయువు) 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆ వేడి చాలు అంటుకోడానికి. పిక్కు వెనక నీటి స్ప్రే పెట్టింది దుమ్ము కోసమొక్కటే కాదు. పిక్కు మార్చినప్పుడల్లా నాజిల్ కూడా శుభ్రం చేస్తాను. నీళ్ళు ఆగి ఆగి వచ్చినా ముప్పే, వేడెక్కిన టిప్పు చప్పున చల్లబడి పాము కుబుసంలా పగుళ్ళు తీస్తుంది.

పిక్కు మార్చేటప్పుడు గని పైకప్పు చూసుకుని, డ్రమ్ము నేలకు దించి, కరెంటు ఆపి, ఎవరూ మళ్ళీ వేయకుండా స్విచ్చికి నా తాళం నేను వేసుకుంటాను. మిగతా పిక్కులు అందేలా డ్రమ్ము తిప్పాలంటే అందరూ పక్కకు తప్పుకోవాలి, అప్పుడే తాళం తీస్తాను. విసుగు పుట్టించే పనే. పాతది ఊడదీసే పనిముట్టుతో తీసి, రంధ్రం కడిగి, కొత్తది దించి, అది జారకుండా పట్టే క్లిప్పు పడిందో లేదో చూస్తాను. గ్రీజు పెట్టను, పొడి అంటుకుని మళ్ళీ బిగుస్తుంది. కార్బైడ్‌ని ఉక్కు సుత్తితో కొట్టకండి. కొత్తలో నేను కొట్టాను, చెంప మీద ఇప్పటికీ చిన్న మచ్చ ఉంది. కళ్ళద్దాలు ఉండబట్టి కన్ను మిగిలింది.

రూఫ్ బోల్టర్ (గని పైకప్పుకి రంధ్రాలు చేసి బోల్టులు దించే యంత్రం) బిట్ల సంగతి ఒక్క మాట. అరిగిన బిట్టుతో రంధ్రం సన్నబడుతుంది, ఊగే బిట్టుతో వెడల్పవుతుంది. రెండిట్లోనూ బోల్టును అతికించి ఉంచే రెసిన్ జిగురు పట్టు దెబ్బతింటుంది. గేజ్ (కొలత సాధనం) పెట్టి చూడకుండా బిట్టు బిగించను.

కొత్త పెట్టె వచ్చిందంటే ముందు నాలుగు పిక్కుల కాడలు (హోల్డర్‌లో దిగే భాగం) వెర్నియర్ అనే కొలత సాధనంతో కొలుస్తాను. తర్వాత ఒకదాన్ని కొత్త హోల్డర్‌లో పెట్టి వేళ్ళతో తిప్పుతాను. తిరక్కపోతే పెట్టె స్టోరుకి వాపసు.